ఇక్కడ మనిషి ఉన్నారా?

మా బావ ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేశాడు. అన్నేళ్ళూ ఒకటే రూటు, తొమ్మిదో నంబరు. రైలు స్టేషను నుంచి రేవు దాకా, మళ్ళీ రేవు నుంచి రైలు స్టేషను దాకా. నిజాయితీపరుడని ఊరంతా అంటుంది. అననీయండి. ఆ నిజాయితీపరుడితో కాపురం చేసింది ఊరు కాదు, మా అక్క.

నా సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేను పళ్ళ డాక్టరు దగ్గర నంబరు చీటీలు ఇచ్చే పనిలో ఉన్నాను. దవడ వాచి మాట రానివాడు కూడా చీటీ తీసుకుని, “అలా వెళ్ళి టీ తాగొస్తా, నా నంబరు ఆపి ఉంచు తల్లీ” అని సైగ చేస్తాడు. టీ తాగే దవడకి డాక్టరెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వరసలో నిలబడాల్సి వస్తే జనం ఎన్ని వేషాలు వేస్తారో నాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. నా నోటికి దురుసుతనం అక్కడే పట్టుకుంది.

తొమ్మిదో నంబరు బస్సు స్టేషను దగ్గర ఇంకా పూర్తిగా ఆగకముందే జనం కిటికీల్లోంచి కర్చీఫులు విసిరి సీట్లు పట్టేవాళ్ళు. కర్చీఫు లేనివాడు సంచి వేసేవాడు, సంచి లేనివాడు పేపరు. ఒక మహానుభావుడైతే చెప్పు వేసి, ఒంటి చెప్పుతో కుంటుకుంటూ ఎక్కేవాడు. పక్కన ఎవరు నిలబడి ఉన్నా సరే, ఆ ఖాళీ సీటు చూపించి “మనిషి ఉన్నారండీ” అనేవాళ్ళు. ఉన్నది కర్చీఫు. మనిషి కింద ఎక్కడో సోడా తాగుతూ ఉంటాడు. బావ ఆ కర్చీఫుని రెండు వేళ్ళతో కొస పట్టి పైకెత్తి, బస్సంతా వినబడేలా అడిగేవాడు. “ఇక్కడ మనిషి ఉన్నారా?” రెండుసార్లు అడిగేవాడు. మూడోసారి అడగడం ఆయన ఒంట్లో లేదు. ఎదురుగా ఎవరు నిలబడి ఉంటే వాళ్ళని కూర్చోబెట్టి, కర్చీఫుని డ్రైవరు వెనక కమ్మీకి ముడేసేవాడు. సాయంత్రానికి ఆ కమ్మీ బట్టలు ఆరేసిన దండెంలా ఉండేది. అందుకే ఆయనకి కర్చీఫుల కండక్టరని పేరు పడింది.

మనిషి ఉంటే సీటు, లేకపోతే లేదు. ఇదీ ఆయన చట్టం. మంచి చట్టమే, నేను కాదనను. నా గొడవంతా ఏడో నెల దగ్గర.

అక్కకి అప్పుడు ఏడో నెల. ఆస్పత్రికి వెళ్ళి, తిరిగి తొమ్మిదో నంబరులో వస్తానని, ఒక్క సీటు ఆపి ఉంచమని ముందురోజే బావని అడిగింది. ఆస్పత్రి రెండో స్టాపు. అక్క ఎక్కేసరికి సీట్లన్నీ నిండిపోయాయి. వెనక తలుపు దగ్గర కండక్టరుకని ఒక సీటు ఉంటుంది కదా, అందులో ఎవరో సంచులాయన కూర్చుని ఉన్నాడు. కూర్చోబెట్టింది బావే. ఇంకెవరో మంచి మనిషి అక్కని చూసి లేవబోతే, బావ ఆయన భుజం మీద చెయ్యి వేసి, “ఫర్వాలేదు, కూర్చోండి, మావాళ్ళే” అన్నాడట. అక్క పద్నాలుగు స్టాపులు కమ్మీ పట్టుకుని నిలబడి ఇల్లు చేరింది.

ఈ కథ నాకు అక్క చెప్పలేదు. మా అక్క నోట్లో నాలుక లేని మనిషి. చెప్పేది బావే. పదిమంది చేరితే చాలు, గొంతు సవరించుకుని మొదలుపెడతాడు. సొంత పెళ్ళానికి కూడా సీటు ఆపని మనిషి అని వాళ్ళంతా చప్పట్లు కొడతారు. కథలో నిలబడ్డది మా అక్క, చప్పట్లు మా బావకి. ఆ టైముకి అక్క వంటింట్లో వాళ్ళందరికీ టీ పెడుతూ ఉంటుంది.

బావ రిటైరైనప్పుడు డిపోవాళ్ళంతా కలిసి, మొగుడూ పెళ్ళాలిద్దరికీ నాలుగు రోజుల ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. అక్క మోకాళ్ళు అరిగిపోయి ఉన్నాయి, మెట్లెక్కడానికి ఒక మనిషి తోడు కావాలి. అలా నేను తోకలా తగులుకున్నాను. బట్టలు సర్దుతూ అక్క నాతో ఒక మాట అంది.

“ఆయన నా ఎదురుగా కూర్చుని తిన్నది నాకు గుర్తులేదే. పొద్దున డ్యూటీ అయితే గ్యాసు పొయ్యి పక్కనే నిలబడి నాలుగు ముద్దలు మింగి పరిగెత్తేవారు. మధ్యాహ్నం డ్యూటీ అయితే నేను కుట్టుపనికి పోయేదాన్ని. ఓడలో అద్దాల పక్కన ఇద్దరు కూర్చునే టేబుళ్ళు ఉంటాయట, ఫోటోలో చూశాను. అక్కడ ఒక్కపూట ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినాలి. నింపాదిగా.”

“అంతేనా?” అన్నాను.

“అంతే” అంది.

అడగరాని కోరికేం కాదు కదా. నాలుగు రోజులు, రోజుకి మూడు పూటలు. ఎప్పుడో ఒకప్పుడు కుదరకపోతుందా అనుకున్నాను.

ఓడలో భోజనాల హాలు మా వీధి మొత్తం పట్టేంత ఉంటుంది. మధ్యలో తిండి, చుట్టూ టేబుళ్ళు, అంచున అద్దాలు, అద్దాల వెంబడి నడుమెత్తున మెరిసే కమ్మీ. ప్రతి టేబుల్ మీదా ఒక అట్టముక్క నిలబెట్టి ఉంటుంది. ‘పళ్ళెంతో వచ్చినవారికే టేబుల్. దయచేసి వస్తువులు పెట్టి ఆపవద్దు.’ జనం ఆ అట్టముక్కని చదువుతారు, తలాడిస్తారు, దానికే తమ నల్లకళ్ళజోడు తగిలించి తిండికి పోతారు.

ఎంత చదువుకున్నవాళ్ళు, ఎంత ఖరీదైన బట్టలు. ఆ కర్చీఫుల బస్సు జనమే నయం, వాళ్ళకి సిగ్గుపడేంత తీరికైనా లేదు. ఇక్కడివాళ్ళు స్నానం చేసి, సెంటు కొట్టుకుని, తలదువ్వుకుని వచ్చి మరీ టేబుళ్ళు కబ్జా చేస్తారు. ఒకాయన లావుపాటి పుస్తకం బోర్లా పెట్టి పోయేవాడు. నాలుగు రోజులూ అది పన్నెండో పేజీ దగ్గరే ఉంది, నేను తీసి చూశాను. ఇంకొకావిడ ఒక గొడుగు, ఒక విసనకర్ర, రెండు టోపీలు, రెండు చెప్పులతో ఆరు కుర్చీలు ఆపేది. తీరా చూస్తే వచ్చేది ఆవిడా, మొగుడూ. “మావాళ్ళింకా లేవలేదండీ” అంటుంది. వాళ్ళవాళ్ళు నాలుగు రోజులూ లేవలేదు. ఆవిడకి నేను గొడుగమ్మ అని పేరు పెట్టాను. ఇంకోచోట కొరికిన రొట్టెముక్క ఒకటి గంటసేపు కాపలా కాసింది. ఈలోపు పళ్ళేలు చేతబట్టుకున్న ముసలీ ముతకా సూపు ఒలికిపోకుండా చూసుకుంటూ హాలంతా ప్రదక్షిణాలు చేస్తుంటారు.

మొదటి రోజు పొద్దున అదృష్టం బాగుండి, అద్దం పక్కన ఇద్దరి టేబుల్ ఒకటి మా కళ్ళెదుటే ఖాళీ అయింది. అక్కని కూర్చోబెట్టాను.

“బావా, మీరు మీ ఇద్దరికీ తెచ్చుకోండి. ఈ కుర్చీ అక్క చూసుకుంటుంది.”

“చూసుకోవడమేంటి?” అన్నాడు బావ. “ఆమె కూర్చుంది, ఆమె కుర్చీ ఆమెది. నా కుర్చీ ఆమె ఎలా ఆపుతుంది? పళ్ళెంతో వచ్చినవాడిదే.”

“రెండు నిమిషాల్లో వచ్చేదానికి కూడా చట్టమేనా?”

“రెండు నిమిషాలనే అందరూ మొదలెడతారు.”

అని తిండి దగ్గరికి పోయాడు. ఈలోపు పళ్ళెం పట్టుకున్న ఒక బట్టతలాయన వచ్చి ఆ కుర్చీ వైపు చూశాడు. అక్క దూరంగా ఉన్న బావ వైపు చూసింది. బావ గరిటె పట్టుకున్న చెయ్యి ఊపుతూ అక్కడినుంచే, “కూర్చోండి, కూర్చోండి, ఖాళీనే” అని కేకేశాడు. బట్టతలాయన కూర్చున్నాడు. అక్క సముద్రం చూస్తూ ఆయన పిత్తాశయంలో రాళ్ళ గురించి మొత్తం విన్నది. బావ ఎక్కడో స్తంభం పక్కన నిలబడి తిన్నాడు. నిలబడి తినడం ఆయనకి అలవాటే కదా.

రెండో రోజు మధ్యాహ్నం మాకు చోటే దొరకలేదు. అద్దం పక్కన ఇద్దరి టేబుల్ మీద ఒక టోపీ ఉంది, పావుగంటగా ఉంది. నేను చూస్తుండగానే బావ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తాడు. ఆ రెండు వేళ్ళు చూడగానే నాకు సంగతి అర్థమైంది.

“ఇక్కడ మనిషి ఉన్నారా?”

హాలు హాలంతా తల తిప్పింది. రెండోసారి అడిగాడు. ఎవరూ పలకలేదు. ఇంక అక్కని కూర్చోబెడతాడనుకున్నాను. లేదు. మాకంటే ముందు నుంచి తిరుగుతున్న ముసలి దంపతులున్నారట, వాళ్ళని కూర్చోబెట్టాడు. వాళ్ళు సగం తిన్నాక టోపీగలాయన ఒంటికాలి మీద లేచి వచ్చాడు.

“టోపీ పెట్టి వెళ్ళాను కదండీ.”

“టోపీ తింటుందా?” అన్నాడు బావ.

“తినేది నేను.”

“అయితే మీరు ఉండాల్సింది, టోపీని తిండికి పంపాల్సింది.”

నాలుగు టేబుళ్ళవాళ్ళు పకపకా నవ్వారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. కానీ ఆ చప్పట్లు చెవిన పడగానే బావ మొహం వెలిగిన తీరు చూసి నవ్వు ఆపేశాను. రిటైరైన ఆర్నెల్ల నుంచి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మనిషికి మళ్ళీ బస్సు దొరికింది.

ఆ సాయంత్రం నుంచి ఆయన మాతో తినడం మానేశాడు. పళ్ళేలు పట్టుకుని తిరిగేవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. “జరగండి, లోపలికి జరగండి, అటు రెండున్నాయి” అంటూ హాలు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తిరిగేవాడు. కళ్ళజోళ్ళూ పుస్తకాలూ పోగేసి, పోయిన వస్తువులు అప్పగించే గదిలో ఇచ్చేవాడు. హాలు సూపర్‌వైజరు మొదట ఏదో అనబోయి, తన పని తేలికవుతోందని గ్రహించి నోరు మూసుకున్నాడు. మూడో రోజు నేను ఒళ్ళు మండి, అక్క పక్క కుర్చీలో నా హ్యాండ్‌బ్యాగు పెట్టి, కాఫీకని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బ్యాగు లేదు, కుర్చీలో ఎవరో ఉన్నారు. ఆ గదికి వెళ్ళి, నా బ్యాగు నాదేనని సంతకం పెట్టి తెచ్చుకున్నాను.

“నీ బ్యాగని నాకు తెలుసు” అన్నాడు బావ. “మరదలి బ్యాగని వదిలేస్తే గొడుగావిడకి ఏం సమాధానం చెప్పను?”

“సమాధానం చెప్పాల్సింది గొడుగావిడకా, అక్కకా?”

“మీ అక్కకేం, అర్థం చేసుకుంటుంది.”

అర్థం చేసుకుంటుందట. ముప్పై రెండేళ్ళుగా మా అక్క చేసిన ఉద్యోగం అదొక్కటే కదా.

ఆ మధ్యాహ్నం అక్క పైఅంతస్తు బెంచీ మీద కూర్చుని, మోకాళ్ళకి మందు రాసుకుంటూ ఆయన్నే తిన్నగా అడిగింది. ఆమె అలా అడగడం నేను వినడం అదే మొదలు.

“ఏవండీ, రేపు పొద్దునది ఆఖరి పూట. నేను ముందే వెళ్ళి అద్దం పక్కన కూర్చుంటాను. మీరొచ్చి నా ఎదురుగా కూర్చుంటారా?”

“దానికేం భాగ్యం, తప్పకుండా” అన్నాడు బావ.

నాలుగో రోజు హాలు తలుపులు తీసేసరికే అక్క కర్ర పట్టుకుని గుమ్మంలో ఉంది. ఎవరి టేబులూ లాక్కోలేదు, దేంతోనూ ఆపలేదు, అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంది. నేను రెండు పళ్ళేలూ నింపి టేబుల్ మీద పెట్టాను. గుడ్లు, కాల్చిన రొట్టె, కోసిన పళ్ళు. ఇద్దరి మధ్యా నేనెందుకని మూడు టేబుళ్ళ అవతల స్తంభం పక్కకి పోయి కూర్చున్నాను. అక్క ఇస్త్రీచీర కట్టుకుంది. పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంది.

బావ వచ్చాడు. అక్క చెయ్యెత్తింది. ఆయనా చెయ్యెత్తాడు. కాఫీ తీసుకుని తిన్నగా ఆమెవైపే నడిచాడు కూడా. సగం దూరం వచ్చేసరికి గొడుగమ్మ దగ్గర ఎవరో గొంతు పెంచారు. బావ ఆగాడు. కాఫీ కప్పు అక్కడే ఎవరి టేబుల్ మీదో పెట్టాడు. అటు తిరిగాడు.

ఒకతను అక్క దగ్గరికి వచ్చి, “ఇక్కడెవరైనా ఉన్నారా?” అన్నాడు.

“ఉన్నారండీ, వస్తున్నారు” అంది అక్క.

ఇంకొకామె వచ్చింది. “ఉన్నారండీ. అదిగో, అక్కడున్నది ఆయనే” అని చూపించింది. ఆవిడ అటు చూసి, ఇటు చూసి, సరేనని పోయింది. మూడోసారి ఎవరో వస్తే అక్క ముందుకు వంగి ఎదుటి కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. గుడ్లు చల్లారిపోయాయి. నేను లేచి వెళ్ళి ఆయన చెవి పట్టుకుని తీసుకురాబోయాను. అక్క నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

తర్వాత ఆమె సంచిలోంచి ఒక కర్చీఫు తీసింది. బావదే, ముందురోజు బెంచీ మీద మర్చిపోయి వెళ్ళాడు. డిపోలో పదిమందివీ కలిసిపోతున్నాయని, ఆయన కర్చీఫులన్నిటికీ అక్క ఒక మూల నీలం దారంతో చిన్న పువ్వు కుడుతుంది. దాన్ని నాలుగు మడతలు వేసి ఎదుటి కుర్చీలో పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక మా అక్క సీటు పట్టడం అదే మొదటిసారి. 

బావ గొడుగమ్మ సంగతి తేల్చి, అద్దాల వరస వెంబడి అక్క వెనకవైపు నుంచి వచ్చాడు. ఆయన వెంట చేతికి కట్టు ఉన్న ఒకామె. ఆమె పళ్ళెం బావే మోస్తున్నాడు. పాపం, ఆమెకి చోటు కావాల్సిందే, నేను కాదనను. బావ కళ్ళు కుర్చీల మీదే ఉన్నాయి. ఖాళీ ఎక్కడుందో చూడటమే ఆ కళ్ళకి అలవాటు, పక్కన ఎవరున్నారో వాటికి పట్టదు. అక్క దగ్గరికి వచ్చాడు. రెండు వేళ్ళతో కర్చీఫు కొస పట్టి పైకెత్తాడు.

“ఇక్కడ మనిషి ఉన్నారా?”

అక్క తల తిప్పలేదు. అద్దంలోంచి నీళ్ళవైపు చూస్తూ ఉంది.

“అమ్మా, మిమ్మల్నే. ఇక్కడ మనిషి ఉన్నారా?”

“లేరండీ” అంది అక్క. “ఉన్నారనుకుని ఆపాను. లేరు. ఆమెని కూర్చోబెట్టండి.”

కట్టు ఉన్నామె కూర్చుంది. బావ ఆమె పళ్ళెం ఆమె ముందు పెట్టాడు, అలవాటైన చెయ్యి కదా, అది తన పని తను చేసేసింది. అప్పుడు ఆయనకి ఆ గొంతు ఎవరిదో తెలిసింది. చేతిలో కర్చీఫు విప్పి చూసుకున్నాడు. నీలం పువ్వు చూశాడు. టేబుల్ మీద ముట్టుకోని రెండో పళ్ళెం చూశాడు.  నేను ఆ మొహం చూసి కడుపుబ్బా నవ్వుకోవాలని ఎన్నేళ్ళ నుంచో ఎదురు చూశాను. తీరా చూస్తే నాకు నవ్వు రాలేదు.

కట్టు ఉన్నామె ఆయన్నీ అక్కనీ మార్చి మార్చి చూసింది. పళ్ళెం చూసింది. అర్థమైపోయి గాభరాగా లేవబోయింది.

“అయ్యో, మీవారా? ఇది ఆయన కుర్చీనా?”

అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

“ఫర్వాలేదమ్మా, కూర్చోండి. మావాళ్ళే.”

బావ అద్దం పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అక్క తన పళ్ళెం దగ్గరికి లాక్కుని, నింపాదిగా తినడం మొదలుపెట్టింది.